ఏటి దగ్గర గద్దకన్ను

అన్నాలవేళకల్లా వచ్చేస్తానని కుమ్ అవ్వ మాటిచ్చింది. అన్నాలవేళ దాటిపోయింది. బుట్టలో జిగురన్నం చల్లారి గట్టిపడింది. అవ్వ మాత్రం రాలేదు.

ఓన్సీ నిచ్చెన దాకా వచ్చి, మంచులో కలిసిపోయిన దారి వంక చూసి, మళ్ళీ ఇంట్లోకి వెళ్ళింది. కూర్చోలేక మళ్ళీ వచ్చింది. ఆమె తిరుగుతుంటే వెదురు నేల కిర్రుకిర్రుమంటోంది. ఇంటి కింద పడుకున్న పందులు విసుక్కుంటున్నట్టు గురగురమంటున్నాయి.

"అత్తా, అట్లా తిరగమాకు. నీ అడుగులు వింటుంటే నాకు ఇంకా దడగా ఉంది," అన్నాడు అల్లుడు లియెంగ్.

"మరేం చెయ్యమంటావు? రాయిలా కూర్చోమంటావా?"

"కూర్చో. అవ్వ వస్తది. నిన్న నేనే పోయి చెప్పొచ్చా కదా. నా ఎదురుగానే మాటిచ్చింది."

లియెంగ్ ఆ మాట అన్నాడే గాని అతని గొంతులో నమ్మకం లేదు. అతను గోడకి ఆనుకుని కూర్చుని, భార్య చన్‌పెంగ్‌ని వెనకనుంచి చంకల కింద చేతులు వేసి పట్టుకుని ఉన్నాడు. ఆమె దూలానికి కట్టిన గుడ్డ పట్టుకుని వేలాడుతోంది. నొప్పి వచ్చినప్పుడల్లా గుడ్డ బిగుసుకుంటుంది, దూలం మూలుగుతుంది, ఆమె మాత్రం నోరు విప్పదు. పొద్దున అరిచింది. ఇప్పుడు అరవడం మానేసింది. ఓన్సీకి భయం పుట్టించింది అదే.

బిడ్డ అడ్డం తిరిగి ఉందని ఊళ్ళో ఆడవాళ్ళు నిన్ననే పొట్ట తడిమి చెప్పారు. అడ్డం తిరిగిన బిడ్డని పైనుంచి చేతులతో నిమిరి నిమిరి తల కిందికి తేగలిగింది ఈ కొండల్లో ఒక్క కుమ్ అవ్వే. ఏటి అవతలి ఊరు ఆమెది. ఆస్పత్రికి పోయే బండిదారి వానలకి చరియ విరిగిపడి మట్టి కింద ఉంది. మోసుకుపోదామన్నా ఆ మట్టి మీద మనిషి అడుగు నిలవదు.

పోయినేడు తొలి కాన్పుకీ బిడ్డ ఇలాగే అడ్డం తిరిగింది. అప్పుడు అవ్వ ఎక్కడో చుట్టాల ఊళ్ళో ఉంది. పుట్టకుండానే పోయిన ఆ బిడ్డని అడివిలో ఎక్కడ పాతిపెట్టారో తల్లికి చెప్పలేదు, చెప్పకూడదు కూడా. చన్‌పెంగ్ ఎలాగో బతికింది. ఈసారి బతకదని ఊరంతా అనుకుంటోందని ఓన్సీకి తెలుసు. ఎవరూ అనలేదు. కాని పొద్దున ఆమె ఊళ్ళో అడుగుపెట్టినప్పుడు ఒక్కరూ వేళాకోళం ఆడలేదు.

"అమ్మా, అవ్వ వచ్చిందా?" అంది చన్‌పెంగ్ కళ్ళు తెరవకుండానే.

"వస్తంది తల్లీ. ముసలిది కదా, మెల్లిగా నడుస్తది."

"కడుపులో కదలట్లేదమ్మా."

"నిద్రపోతంది. నీ చిన్నప్పుడు నువ్వూ అంతే, మొద్దునిద్ర."

ఆ అబద్ధం చెప్పి ఓన్సీ అక్కడ నిలబడలేకపోయింది. నిచ్చెన దిగి అతిథుల ఇంటివైపు నడిచింది.

విహారానికి వచ్చే పరంగివాళ్ళని కొండల్లో తిప్పడం ఓన్సీ పని. కింద పట్నంలో కంపెనీవాళ్ళు మనుషుల్ని అప్పజెప్తారు. ఆమె, ఆమె తమ్ముడు బున్‌తాన్ కలిసి వాళ్ళని ఊరూరా నడిపించి, ఇళ్ళల్లో పడుకోబెట్టి, సారా తాగించి, పాటలు వినిపించి, మళ్ళీ పట్నంలో దింపుతారు. కూతుర్ని ఇచ్చిన ఊరు ఆ నడకలో ఒక మజిలీ కావడం వల్లే ఆమె కూతుర్ని తరచూ చూడగలుగుతోంది. ఈసారి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. నెలలు నిండిన కూతురు మనసులో మెదులుతుంటే ఓన్సీ వాళ్ళని తొందరపెట్టి, తను ముందు నడుస్తూ, వెనక తమ్ముణ్ణి పెట్టి, పొద్దెక్కకముందే ఇక్కడికి చేర్చేసింది.

అతిథుల ఇంట్లో ఇద్దరు దుప్పట్లు కప్పుకుని నిద్రపోతున్నారు. మూడో ఆవిడ హానెకె, పొడుగాటి మనిషి, బొబ్బలెక్కిన పాదాలు వేణ్ణీళ్ళలో పెట్టుకుని ఎర్ర ఉన్నితో చిన్న టోపీ అల్లుతోంది. దారిపొడుగునా అల్లుతూనే ఉంది. నెలలు నిండిన కూతురుందని ఓన్సీ మాటల్లో అన్నప్పటినుంచీ మొదలుపెట్టింది.

"మీ అమ్మాయి ఎలా ఉంది? బిడ్డ పుట్టగానే చూడ్డానికి రావచ్చా?" అని అడిగింది.

"రావచ్చు," అంది ఓన్సీ.

బున్‌తాన్ గుమ్మంలో కూర్చుని చుట్ట తాగుతున్నాడు. "అక్కా, నీ వాలకం చూస్తే ముందు నువ్వే కనేట్టున్నావు," అన్నాడు.

"నోరు మూసుకోరా. అవ్వ రాలేదు."

"వానకి ఎక్కడో ఆగుంటది."

"అవ్వ సంగతి సరే. ఏటవతలి చేలకి పోయినవాళ్ళు ఏరి? ఒక్కరన్నా తిరిగొచ్చారా? పొద్దున్నుంచి ఆ దారిలో కుక్క కూడా రాలేదు."

బున్‌తాన్ చుట్ట నోట్లోంచి తీశాడు. ఊరు వైపు చూశాడు. అన్నాలవేళకి చేలనుంచి వచ్చి కోళ్ళకి మేత వేయాల్సిన ఆడవాళ్ళు రాలేదు. ఆకలికి కోళ్ళు నిచ్చెనల కింద చేరి గోల చేస్తున్నాయి. పొయ్యి పొగ వచ్చే ఇళ్ళు తక్కువ. ఇంతసేపూ తన కూతురి మూలుగులు తప్ప వేరే చప్పుడు చెవిన పడని ఓన్సీకి, ఊళ్ళోకి బయటినుంచి ఏ మనిషీ రాలేదన్నది అప్పుడే పూర్తిగా తెలిసొచ్చింది.

"నేను ఏటిదాకా పోయొస్తా. నువ్వు వీళ్ళని చూసుకో," అని పైగుడ్డ నడుముకి చుట్టుకుంది. బయలుదేరుతూ ఆమె గోడకి వేలాడదీసిన సంచుల వంక చూసింది. రెండు సంచులకి పొద్దున విడిది దగ్గర తను వాళ్ళచేత అల్లించిన గద్దకన్నులు, ఊరికి కాపుగా కట్టే వెదురు అల్లికలు, ఊగుతున్నాయి. మూడో సంచికి ఏమీ లేదు. చూసింది గాని అప్పుడది ఆమె బుర్రకెక్కలేదు.

దారి జారుడుగా ఉంది. వెదురుపొదల మీదినుంచి మంచు పొగలా దిగుతోంది. పగలే అయినా పది అడుగుల అవతల ఏముందో కనిపించడంలేదు. ఓన్సీకి ఈ దారి కొత్త కాదు. అయినా పొద మలుపు తిరిగినప్పుడల్లా అక్కడ ఏదో పడి ఉంటుందని, అవ్వ పైగుడ్డ అంచో, అవ్వ మందుల మూటో కనిపిస్తుందని నేల వెతుక్కుంటూ నడిచింది. పురిట్లో పోయిన ఆడదాని ఆత్మ ఇంకో పురిటికి అడ్డం నిలబడుతుందంటారు. తండ్రి చెప్పగా చిన్నప్పుడు విన్న ఆ మాటలన్నీ ఈ పొద్దు దారికి రెండువైపులా నిలబడి ఉన్నట్టున్నాయి. ఆమె తనలో తాను కూతురి పేరు తలుచుకోబోయి ఆపుకుంది. ఇలాంటి చోట పేరు పలకకూడదు.

ఏటి చప్పుడు వినిపించింది. మనుషుల చప్పుడు లేదు.

వెదుర్లు దాటి గట్టు మీదికి రాగానే ఆమె అక్కడే ఆగిపోయింది.

అవతలి గట్టున మనుషులు కూర్చుని ఉన్నారు. ఒకరి పక్కన ఒకరు, వరసగా, వీపుల మీద బుట్టలు దించకుండా, నెత్తిన అరటాకులు పెట్టుకుని. ఏటవతలి చేలకి పోయినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. వాన వాళ్ళ మోకాళ్ళ మీదినుంచి కారుతోంది. ఒక్కరూ మాట్లాడటంలేదు. చంటిపిల్ల ఒకతి ఏడవబోతే తల్లి గభాలున రొమ్ము నోట్లో కుక్కింది. వరస చివర, బండరాయి పక్కన, మందుల మూట ఒళ్ళో పెట్టుకుని కుమ్ అవ్వ కూర్చుంది. అవ్వ కళ్ళు తుడుచుకుంటోంది.

"అవ్వా!" అని అరిచింది ఓన్సీ.

అందరి మొహాలూ ఒక్కసారిగా పక్కకి తిరిగిపోయాయి. ఒకావిడ తన పిల్ల కళ్ళు చేత్తో మూసింది.

నేను చచ్చిపోయానా, దయ్యాన్నయ్యానా అనిపించింది ఓన్సీకి. పట్టుకోవడానికి పక్కనున్న గుంజ మీద చెయ్యి వేయబోయి, చెయ్యి గాల్లోనే ఆపేసింది.

దారికి పక్కనున్న ఆ గుంజకి గద్దకన్ను కట్టి ఉంది. ఆరు మూలల అల్లిక. వెదురు ఇంకా పచ్చగానే ఉంది. దానికి పచ్చి ఆకుల కొమ్మ గుచ్చి ఉంది. ఎర్ర ఉన్నితో కట్టి ఉంది.

ఏడాదికోసారి ఊరి పూజకి కట్టి వదిలేసిన పాతవి రెండు మూడు అదే గుంజకి ఎండిపోయి వేలాడుతున్నాయి. ఎండినవాటికి ఏ బలమూ లేదు, పిల్లలు కూడా పట్టించుకోరు. పచ్చి ఆకు గుచ్చింది కనబడితే మాత్రం ఊరు మూసినట్టు. బయటివాళ్ళు లోపలికి అడుగుపెట్టకూడదు. లోపలివాళ్ళతో మాట కలపకూడదు, మొహం చూడకూడదు. కలిపితే ఊళ్ళోకి వచ్చిన చెడు వాళ్ళ వెంట వాళ్ళింటికి వస్తుంది. పూజ లేని రోజు ఊరు మూశారంటే లోపల ఎవరో చెడ్డ చావు చచ్చి ఉండాలి. ఊళ్ళో పురిటినొప్పులు పడుతున్న పిల్ల ఒకతి ఉందని తెలిసినవాళ్ళకి ఆ చావు ఎవరిదో చెప్పక్కర్లేదు.

వాళ్ళు ఇంతసేపూ చన్‌పెంగ్ కోసం ఏడుస్తున్నారు. బతికున్న పిల్ల కోసం ఏడుస్తున్నారు.

"ఏడవమాకండి!" అని గొంతు చించుకుంది ఓన్సీ. "నా బిడ్డ బతికే ఉంది! అవ్వా, నీకోసం చూస్తంది! రా అవ్వా!"

ఎవరూ తల తిప్పలేదు. కాసేపటికి కుమ్ అవ్వ తన పక్కనున్న బండ మీద చెయ్యి వేసి, ఓన్సీతో మాట కలిపినట్టు కాకుండా దాంతో మాట్లాడింది.

"ఓ రాయీ. బతికుందంటున్నది ఎవరినో ఆ మనిషిని అడుగు."

"చన్‌పెంగ్‌ని! నా కూతుర్ని!"

"రాయీ, బతికుంటే ఊరు ఎందుకు మూశారో అడుగు."

"ఎవరూ మూయలేదవ్వా! ఇది మా పరంగి ఆవిడ కట్టింది. తెలీక కట్టింది. అందంగా ఉందని కట్టింది!"

బుట్టల వరసలో ఒకావిడ ఆగలేకపోయింది. "అందంగా ఉందంటనే రాయీ! పొద్దున్నుంచి నా కోళ్ళు ఆకలికి చస్తుంటే నేనిక్కడ కూర్చుని అందం చూస్తన్నా!"

"నువ్వు నోర్ముయ్యవే," అన్నాడు ఆమె పక్కనున్న ముసలాయన.

ఓన్సీ గద్దకన్ను తెంపడానికి చెయ్యి చాచింది.

"ఆగు!" అవ్వ రాయి సంగతి మర్చిపోయి లేచి నిలబడింది. "కట్టింది నువ్వా?"

"కాదు."

"అయితే ముట్టుకోమాక! ఎవరు కడితే వాళ్ళే విప్పాలి. నీకు తెలీదా? నీ అయ్య నీకేం నేర్పాడే? ఇంకొకరు తెంపితే మూసింది మూసినట్టే ఉంటది. లోపల కడుపుతో ఉన్నదానికి బిడ్డ దారి కూడా మూసుకుపోతది."

"ఆటకి కట్టిందానికి కూడానా అవ్వా?"

అవ్వ మళ్ళీ బండ వైపు తిరిగి కూర్చుంది. "రాయీ, అల్లేటప్పుడు మూసే మాటలు చెప్పి అల్లారా, చెప్పకుండా అల్లారా అడుగు."

ఓన్సీ గద్దకన్ను వంక చూసింది.

చెప్పింది. పొద్దున చెప్పింది. ప్రతి నడకలోనూ చెప్తుంది. మొదట్లో ఉత్త అల్లికే నేర్పేది. పరంగివాళ్ళు రెండు బద్దలు వంచి విసుగొచ్చి వదిలేసేవాళ్ళు. ఒకసారి యథాలాపంగా, ఊరు మూసేటప్పుడు తండ్రి చెప్పే మూసే మాటలు గొణిగితే వాళ్ళు చేతులు ఆపి చెవులు రిక్కించి విన్నారు. ఒకావిడ ఒళ్ళు గగుర్పొడిచిందని చెయ్యి చూపించింది. అప్పటినుంచి ఓన్సీ ఆ మాటలు మొదటినుంచి చివరిదాకా, తండ్రి చెప్పినట్టే గొంతు తగ్గించి చెప్తోంది. చివర్లో పచ్చి ఆకు గుచ్చడం కూడా తనే చూపిస్తుంది. హానెకె అల్లికలో ఒక మూల తిరగబడితే ఆ బద్ద తీసి సరిగ్గా పెట్టింది కూడా తనే. ఆ మూల ఇప్పుడు కళ్ళ ముందే ఉంది.

"చెప్పాను," అంది. "చెప్పానవ్వా. అన్నీ చెప్పాను."

అవతలి గట్టున ఎవరో చిన్నగా, అయ్యో అన్నారు.

"అయితే అది ఆట కాదు," అంది అవ్వ. "పో. ఆ మనిషిని పట్టుకురా. పరిగెత్తు."

ఓన్సీ పరిగెత్తింది. జారి పడింది, లేచింది, మళ్ళీ పడింది. చేతులకి పట్టిన జలగలు పీకే తీరిక లేకపోయింది. దారిని తనే మూసింది. తన నోటితో, తన తండ్రి మాటలతో, తన కూతురి కడుపు మీద మూసింది. ఆ ఒక్క మాటే ఊపిరి తీసినప్పుడల్లా లోపల తిరుగుతోంది.

కూతురి ఇంటి ముందునుంచే పోవాలి. లోపలినుంచి దూలం మూలుగు వినిపించింది.

"అత్తా! అవ్వ దొరికిందా?" అని లియెంగ్ కేకేశాడు.

"దొరికింది!"

"ఏదీ? ఏది అత్తా?"

ఆమె ఆగలేదు. ఆగితే లోపలికి పోతుంది, పోతే ఇక రాలేదు.

హానెకె టోపీ అల్లడం పూర్తిచేసి ఉన్ని దారం కొరుకుతోంది. బురదలో మునిగి వచ్చిన ఓన్సీని చూసి లేచి నిలబడింది.

"ఏటి దగ్గర గుంజకి కట్టింది నువ్వేనా?" అంది ఓన్సీ.

"నేనే. ఎందుకు? అక్కడ పాతవి ఉన్నాయి కదా. గౌరవంగా ఉంటుందని... తప్పా?"

"నువ్వు నా కూతురి దారి మూసేశావు. మంత్రసాని ఏటవతల కూర్చుంది. నువ్వు విప్పితేనే దాటుతుంది. నువ్వే విప్పాలి, ఇంకెవరూ విప్పకూడదు. రా."

హానెకె మొహం సున్నం కొట్టినట్టయింది. చెప్పులకోసం వెతకలేదు. ఒక కాలికి మేజోడు, రెండో కాలికి ఏమీ లేకుండా వచ్చేసింది.

బున్‌తాన్ చుట్ట జారి నేలన పడింది. "అక్కా, నేను వెనకాలే ఉండాల్సింది. చెట్టు చాటుకి పోతానని సైగ చేస్తే నాకు సిగ్గేసి ముందుకొచ్చేశా. తర్వాత చూస్తే ఆమె మా వెనకే వస్తంది..."

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. ఆవిడ రెక్క పట్టుకో. జారి కాలు విరిగితే నా కొంప మునుగుద్ది."

కిందికి దిగేసరికి వెలుతురు సన్నగిల్లింది. అవతలి గట్టున వరస అలాగే ఉంది. హానెకె వాళ్ళని చూసింది. ఇంతమంది మనుషులు తన ఎర్ర ఉన్ని దారానికి లోబడి వానలో కూర్చున్నారని ఆమెకి ఎంత అర్థమైందో గాని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"విప్పు," అంది ఓన్సీ.

నానిన ఉన్ని రాయిలా బిగుసుకుపోయింది. హానెకె వేళ్ళు చలికి తిమ్మిరెక్కి ముడి మీద జారిపోతున్నాయి. బున్‌తాన్ మొలలోంచి కత్తి తీసి ఇవ్వబోయాడు.

"ఆ కత్తి లోపల పెట్టరా దున్నపోతా!" అని అవతలినుంచి అవ్వ కేక. "కోస్తే పురిట్లో నెత్తురు ఆగదు!"

హానెకె మోకాళ్ళ మీద కూర్చుని ముడి పళ్ళతో పట్టుకుంది. అప్పుడు అవ్వ బండతో అంది, "రాయీ, తెరిచే మాటలు చెప్పమను. వట్టిగా విప్పితే చాలదు."

ఓన్సీ నోరు తెరిచింది. తెరిచే మాటలు. తండ్రి అవీ నేర్పాడు. మూసే మాటలు ఇన్నిసార్లు పలికింది గాని, తెరిచే మాటలు ఆమె ఒక్క నడకలో కూడా పలకలేదు. పరంగివాళ్ళు ఎవరూ విప్పేవాళ్ళు కారు, సంచులకి తగిలించుకుని వాళ్ళ దేశాలకి పట్టుకుపోయేవాళ్ళు. మొదటి మాట కోసం వెతికింది. దొరకలేదు. వెతికేకొద్దీ మూసే మాటలే నాలుక మీదికి వస్తున్నాయి. పొరపాటున అవి బయటికి వస్తాయేమోనని పైగుడ్డ నోట్లో కుక్కుకుంది.

"రాయీ," అన్నాడు అవతలి గట్టునుంచి ఆ ముసలాయన, ఎవరి వంకా చూడకుండా. "నేను నీతో మాట్లాడుతున్నా, ఇంకెవరితో కాదు. ఇది వాళ్ళయ్య నాకు చెప్పింది. పోయేదానా, నీ తోవన పో."

"పోయేదానా, నీ తోవన పో," అంది ఓన్సీ.

"వచ్చేదానా, దీపం చూసి రా."

"వచ్చేదానా, దీపం చూసి రా."

"కన్ను మూశాను, కన్ను తెరిచాను. దారీ, నువ్వు దారివై ఉండు."

ఆమె ఒక్కొక్క మాట అందుకుంది. ఆఖరి మాట పూర్తవుతుండగా హానెకె పళ్ళ మధ్య ముడి సడలింది. ఎర్ర దారం ఊడి వచ్చింది. గద్దకన్ను ఆమె ఒళ్ళో పడింది.

కుమ్ అవ్వ ఏట్లోకి అడుగుపెట్టేసింది. మూట నెత్తిన పెట్టుకుని, మొలలోతు నీళ్ళలో ఎదురొచ్చిన బున్‌తాన్ చెయ్యి పట్టుకుని దాటింది. గట్టెక్కి హానెకె వంక ఒక్క చూపు చూసి, పైకి పరిగెత్తింది. అంత వయసులో ఆమె అలా పరిగెత్తగలదని ఎవరూ అనుకోలేదు. వెనక బుట్టలవాళ్ళంతా దిగారు. కోళ్ళ ఆవిడ హానెకె దగ్గర ఆగింది.

"ఏం తల్లీ, ఈసారొచ్చినప్పుడు మా ఇంటికి కూడా ఒకటి కట్టిపో. మా ఆయన సారా కొట్టుకి పోకుండా ఉంటాడు."

నవ్వు వచ్చింది కొందరికి. ఏడుపులాగే ఉంది ఆ నవ్వు. బున్‌తాన్ దాన్ని హానెకెకి తర్జుమా చెయ్యలేదు.

ఇంట్లో అవ్వ తడిబట్టలతోనే కూర్చుని, చేతులు పొయ్యి సెగకి కాచుకుని, నూనె రాసుకుని చన్‌పెంగ్ పొట్ట మీద వేసింది. ఆ చేతులు చాలాసేపు కదలకుండా అలాగే ఉన్నాయి. వింటున్నట్టున్నాయి. "ఉంది," అంది అవ్వ చివరికి. "అలిసిపోయి ఉంది." తర్వాత మెల్లిగా తిప్పడం మొదలుపెట్టింది. కొంచెం తిప్పి ఆగేది. మళ్ళీ జారిపోయేది. మళ్ళీ మొదటినుంచి. లియెంగ్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఓన్సీ దీపం పట్టుకుంది. దీపం ఊగుతుంటే అవ్వ తిట్టింది. రెండు చేతులతో పట్టుకుంది. అయినా ఊగింది.

బిడ్డ వచ్చింది. నీలంగా వచ్చింది. చప్పుడు లేదు.

అవ్వ తలకిందులుగా పట్టుకుంది. వీపు తట్టింది. నోట్లో వేలు పెట్టి తీసింది. మూతి మీద మూతి పెట్టి ఊదింది. చన్‌పెంగ్, "ఏదమ్మా?" అంటోంది. పోయినేడు కూడా ఇదే చోట, ఇలాగే అడిగింది. అవ్వ మళ్ళీ ఊదింది.

పిల్లికూన కూతలాంటిది వినిపించింది. ఒకసారి, ఆగి, ఇంకోసారి. ఆ తర్వాత ఇల్లంతా నిండిపోయేట్టు ఏడ్చింది ఆ పిల్ల.

లియెంగ్ వెక్కి వెక్కి ఏడుస్తుంటే అవ్వ మాత్రం నవ్వలేదు. చన్‌పెంగ్ కింద గుడ్డలు మారుస్తోంది. మారుస్తూనే ఉంది.

"పొద్దున్నే చెయ్యి పడుంటే ఇంత నెత్తురు పోయేది కాదు," అంది.

"బతుకుతదా అవ్వా?"

"ఇప్పుడు నన్నడగమాకు. ఇల్లు మూయి. గట్టిగా మూయి. తల్లి తేరుకునేదాకా ఈ ఇంట్లో ఉన్నవాళ్ళు దిగకూడదు, బయటివాళ్ళు ఎక్కకూడదు. లియెంగ్ చేతులు చూడు, బద్ద పట్టుకోలేడు. నువ్వు అల్లు."

ఓన్సీ వెదురు బద్దలు అందుకుంది. ఎంతమందికో నేర్పిన వేళ్ళు, ఇప్పుడు ఒక్కో బద్దని తొలిసారి ముట్టుకున్నట్టు ముట్టుకున్నాయి. పచ్చి ఆకు గుచ్చింది. మూసే మాటలు చెప్పింది. పక్కనున్న అవ్వకి కూడా వినపడనంత మెల్లిగా చెప్పింది. చెప్పి, నిచ్చెన పై మెట్టుకి కట్టి, లోపలికి వచ్చి తడిక దగ్గర కూర్చుండిపోయింది. తను కట్టింది కాబట్టి తనే విప్పాలి. అంతవరకూ పరంగివాళ్ళు, కంపెనీ, నడక అన్నీ తమ్ముడి పాలే.

చన్‌పెంగ్ కళ్ళు మూసుకుని ఉంది. ఊపిరి ఉందో లేదోనని ఓన్సీ మాటిమాటికీ వంగి చూస్తూనే ఉంది.

తెల్లవారాక నిచ్చెన కింద అడుగుల చప్పుడైంది. ఓన్సీ తడిక సందులోంచి చూసింది. హానెకె. కాళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని కుంటుతూ వచ్చింది. చేతిలో ఎర్ర టోపీ ఉంది. బిడ్డ పుడితే రావచ్చని ఓన్సీయే చెప్పింది నిన్న. ఆ మాట ఆమెకి ఇప్పుడు గుర్తొచ్చింది.

హానెకె మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. తల పైకెత్తింది. గద్దకన్ను చూసింది. చెయ్యి దానివైపు లేచింది.

వద్దని అరవాలి. అరవకూడదు. ఓన్సీ గోళ్ళు తడికలోకి దిగబడ్డాయి. వెనకనుంచి అవ్వ చెయ్యి ఆమె భుజం మీద పడి గట్టిగా పట్టుకుంది.

గాల్లోకి లేచిన చెయ్యి అక్కడే ఆగింది. పచ్చి ఆకు దాకా పోలేదు. హానెకె కాలు మెల్లిగా మెట్టు మీదినుంచి వెనక్కి దిగింది. ఒకడుగు, ఇంకో అడుగు వెనక్కి జరిగింది. నిచ్చెన పక్కన కాళ్ళు కడుక్కునే రాయి ఉంది. ఆమె ఆ రాయి ముందు గొంతుక్కూర్చుని, టోపీ దాని మీద పెట్టి, నిన్న ఏటి దగ్గర వాళ్ళు చేసినట్టే మొహం పక్కకి తిప్పుకుని దాంతో మాట్లాడింది.

"రాయీ," అంది తన భాషలో. "ఆ తల్లి ఎలా ఉందో అడుగుతావా?"

ఓన్సీ వెనక్కి తిరిగింది. బిడ్డ ఏడుపుకి చన్‌పెంగ్ రెప్పలు కదిలాయి. కదిలి, తెరుచుకున్నాయి. ఆ చూపు దీపం మీదినుంచి తల్లి మీదికి వచ్చి ఆగింది.

"ఓ రాయీ," అంది ఓన్సీ తడిక సందులోకి. "కళ్ళు తెరిచిందని చెప్పు. ఇంకేమీ చెప్పమాక."